చిన్నత్త నిప్పుకు కూర్చున్న రోజు

నా చిన్నప్పుడు ఆషాఢం వచ్చిందంటే మా ఊళ్లో పొద్దెక్కేలోపే వంటలు అయిపోయేవి. అంతా గాలి భయం. ఆ గాలి పడమటి నుంచి వచ్చేది. నల్లరేగడి చేలమీద దానికి అడ్డం ఏముంది కనుక? ఈడ్చి కొట్టేది. నీళ్లకు పోయే ఆడవాళ్లు కొంగు పళ్లమధ్య పట్టుకుని ఒక పక్కకు ఒరిగి నడిచేవాళ్లు. కోళ్లు గోడవార నక్కి కూర్చునేవి. ఊళ్లో సగం ఇళ్లకు బోదకప్పు, ప్రతి ఇంటి వెనకా జొన్నచొప్ప వామి. ఒక్క నిప్పురవ్వ ఎగిరి వామిమీద పడితే ఆ ఏటికి ఎద్దులకు మేత లేనట్టే. అందుకని ఆ నెలంతా తలారి తప్పెట కొట్టుకుంటూ తిరిగి, పొద్దెక్కిన తర్వాత ఆరుబయట ఎవరూ నిప్పు రాజేయకూడదని చెప్పి పోయేవాడు.

ఒక్క సుంకులమ్మ పొట్టేలుకు మాత్రం ఆ కట్టుబాటు సడలించేవాళ్లు. ఏటా ఆషాఢంలో మా ఇంటివాళ్లం ఊరిబయట చేలమధ్య ఉన్న సుంకులమ్మ గుడి దగ్గర పొట్టేలును కోసేవాళ్లం. ఆ మాంసం మా గడప దాటి ఇంట్లోకి రాకూడదు. అక్కడే కాల్చుకుని, అక్కడే తిని, చేతులు కడుక్కుని రావాలి. అంత గాలిలో బయట కాలుస్తామంటే ఊరు ఊరికే ఒప్పుకుంటుందా? ఇంటివాళ్లలో ఒకరు నిప్పుకు కాపు కూర్చోవాలి. నిప్పు రాజేసిన దగ్గర్నుంచి అది ఆరి, బూడిదమీద నీళ్లు పోసేదాకా ఆ మనిషి అక్కడినుంచి లేవకూడదు. దాహమేసినా, కాళ్లు తిమ్మిరెక్కినా అంతే. మా ఇంట్లో ఆ కాపు మా అవ్వది. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ గుంత పక్కన ఆమె కాక ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు, ఆ ఒక్క ఏడు తప్ప.

మొన్న పట్నంలో, గాంధీనగర్‌లో మా కూతురి ఇంటి మేడమీద మనవలు ఏదో ఇనుప పెట్టె పెట్టుకుని కోడిముక్కలు కాల్చబోయారు. బొగ్గు అంటుకోదు, అంటుకుంటే గాలికి ఆగదు. బూడిదంతా వాళ్ల మొహాల మీదే. కుర్చీలో కూర్చుని చూస్తూ నేను నవ్వాను. నవ్వుతూ ఉండగానే మా చిన్నత్త గుర్తొచ్చింది. ఇంక నవ్వు రాలేదు. ఇన్నేళ్లకు ఇది చెప్పాలనిపించింది అందుకే.

చిన్నత్త మా నాయనకు చెల్లెలు. తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డలో ఇచ్చారు. కొన్నేళ్లు కాపురం చేసింది, పిల్లలు కలగలేదు. మొగుడు ఇంకొక ఆమెను ఇంట్లోకి తెచ్చుకుంటే ఈమె బట్టలమూట పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. పుట్టింట్లో ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. తెల్లారకముందే లేచి కసువు ఊడ్చేది, పేడ ఎత్తేది, ఎమ్మిగనూరు వైపు వరినాట్లు ఉంటే కూలికి పోయి వచ్చేది. అందరం తిన్నాక అడుగున మిగిలింది తినేది. అది ఆమెకు ఎవరూ పెట్టిన నియమం కాదు. వద్దని ఎవరూ అనకపోవడంతో నియమమైపోయింది. నన్ను మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ నది సంగతులు చెప్పేది. వరద తగ్గాక ఇసుకలో చేపలు ఎట్లా చిక్కుకుంటాయో, వాటిని పట్టబోయి తను ఎట్లా బోర్లా పడిందో చెప్పి, నేను నవ్వితే తనూ నవ్వేది.

అవి కొండల్లో ఇనుపరాయి తవ్వకం జోరందుకున్న రోజులు. మా ఊరి దోవన లారీలు పోతుంటే ఎర్రదుమ్ము లేచి ఇళ్ల గోడల మీద పడేది. వాన కురిస్తే ఆ గోడలు ఎర్రగా కారేవి. పొలం పనికి మనుషులు దొరకడం లేదని మా నాయన రోజూ విసుక్కునేవాడు. ఒక మేస్త్రీ లారీ వేసుకుని ఊరూరా తిరిగి, రాయి పగలగొట్టడానికని, ఏరడానికని, ఆడా మగా అందరినీ ఎక్కించుకుని పోయేవాడు. ఆ లారీ మా ఊరికి కూడా వస్తోందని కబురు తెలిసింది. సుంకులమ్మ పొట్టేలుకు ముందురోజు చిన్నత్త వాకిట్లో జొన్నలు చెరుగుతూ ఉన్నట్టుండి అంది.

"అమా, నేను పోతా మైన్సుకు. ఈడ ఇంకెన్నాళ్లని వదినె మొగం చూసుకుంటా కూర్చోవల్ల?"

ఆ వదినె మా అమ్మే. లోపలినుంచి వింటూనే ఉంది. గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడు మాత్రం వినబడింది.

అవ్వ మెల్లగా అడిగింది.

"ఆడ ఇండ్లుంటాయనుకున్న్యావా? గోనెపట్టలు కప్పిన గుడిసెలు. కొండమీద గాలి ఈడికంటే జోరుంటాది. మూడు రాళ్లు పెట్టుకొని ఆ గాలిలో ఒక్కదానివే ఒండుకొని తింటావా?"

"తింటా."

"నిప్పు నిలుపుకుంటావా?"

"ఎందుకు నిలుపుకోను? నీ బిడ్డను కాదా?"

"అట్లయితే రేపు సుంకులమ్మ కాడ నిప్పుకు నువ్వే కూర్చో. ఒక్క రవ్వ వామి దిక్కు పోగూడదు. ఒక్క ముక్క పచ్చిగా మిగలగూడదు. ఎవురూ చెయ్యేసేది లేదు. గెలిస్తే పో, నేను అడ్డం రాను. ఓడిపోతే ఆ మైన్సు మాట ఇంగ ఈ ఇంట్లో ఎత్తేది లేదు."

చిన్నత్త చేట కింద పెట్టి "సరే" అంది. నాకు అదొక పందెంలా తోచి సరదా వేసింది. బిడ్డను నేరుగా వద్దనలేక, ఆ మాట గాలిచేత చెప్పించాలని అవ్వ చూసిందని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

మరునాడు బండి కట్టుకుని పోయాం. గుడి అంటే బండలు నిలబెట్టి పైన ఒక బండ కప్పిన గూడు, అంతే. దానికి తూర్పున పక్కచేను తాత చొప్పవామి ఉండేది. ఆయన మాట సగం కన్నడం, సగం తెలుగు. మా బండి చూడగానే పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"బేడమ్మా బేడ! ఈ పొద్దు వద్దు. గాలి చూడండి ఎట్లుండాదో. నా వామి అంటుకుంటే నా ఎద్దులకు మీ ఇంటికప్పు పీకి ఏయవల్ల మీరు."

"ఏం కాదులే మామా. నిప్పుకు మా చెల్లెలు కూర్చుంటాది" అన్నాడు మా నాయన.

"మీ అమ్మ కూర్చోదా?"

"లేదు. చెల్లెలే."

"అట్లనా! అయితే నా ఎద్దుల్ని ఇప్పుడే తెచ్చి మీ దొడ్లో కట్టేసి పోతా ఉండప్పా" అన్నాడు తాత. అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆయన మాత్రం నీళ్లకడవ తెచ్చి వామి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

చిన్నత్త పారతో గాలికి అడ్డంగా మోకాటిలోతు గుంత తవ్వింది. తీసిన మట్టిని పడమటి పక్క కట్టలా పోసి, దానిమీద తడిపిన గోనెపట్ట పరిచింది. ఏళ్ల తరబడి తల్లి చేయగా చూసిన పని, ఎక్కడా తప్పు లేదు. తప్పు కట్టెల దగ్గర జరిగింది. ఏ ఏడైనా అవ్వ సుంకులమ్మ దగ్గరికి ఎండిన తుమ్మమొద్దులు తెచ్చేది. తుమ్మ నిదానంగా కాలుతుంది, దాని నిప్పు బరువుగా ఉండి గుంతలోనే కూర్చుంటుంది. ఆ రోజు బండిలోంచి అవ్వ దించింది పత్తికట్టె. పత్తికట్టె భగ్గున మండి చూస్తుండగానే బూడిదైపోతుంది. దాని రవ్వ దూదిలా తేలిక, గాలి ఎటు పిలిస్తే అటు పోతుంది. తుమ్మమొద్దులు బండి అడుగున పొట్టుగోనె కింద ఉన్నాయి. దోవ పొడుగునా వాటిమీదే కూర్చుని వచ్చాను కాబట్టి నాకు తెలుసు. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ నా వైపు చూడలేదు.

చిన్నత్త ఆ కట్టెలను చూసింది, తల్లిని చూసింది. కొంగు బిగించి దోపుకుని గుంత పక్కన కూర్చుంది.

ఉప్పూ కారం పసుపూ రాసిన ముక్కలను మా నాయన ఇనుపచువ్వలకు గుచ్చి అందిస్తే, చిన్నత్త వాటిని గుంతమీద అడ్డంగా పరిచింది. మంట లేచి ముక్కలను నాకింది. పైన నల్లబడ్డాయో లేదో మంట కూలిపోయింది. మళ్లీ కట్టె వేస్తే మళ్లీ భగ్గుమంది. గాలి కట్ట దాటి వచ్చి గుంతలో దూరి, పొగనంతా తెచ్చి ఆమె కళ్లలో కొట్టింది. మా నాయన వేళాకోళం మొదలుపెట్టాడు.

"ఏందే, కాల్చేది పొట్టేలునా, ఊరునా?"

"ఊరేలే అన్నా. మీ ఇంటికాడ నుంచి మొదలుపెడతా" అంది చిన్నత్త, తల తిప్పకుండా. మా అమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అవ్వ నవ్వలేదు. బండ నీడన మోకాళ్లు పట్టుకుని కూర్చుని, గుంతవైపే చూస్తోంది.

పత్తికట్టె మోపు తరిగిపోతోంది. పక్కచేను తాత వచ్చి ఒక ముక్కను వేలితో నొక్కితే నెత్తురు చిమ్మింది. "లోపలంతా పచ్చే కణమ్మా" అని పెదవి విరిచి పోయాడు. కట్టె అయిపోతే తెచ్చుకోవడానికి ఆమె లేవకూడదు. తెచ్చి ఇవ్వడానికి ఎవరికీ అనుమతి లేదు. ఓడిపోవడం అందరికీ కనబడుతూనే ఉంది. మా నాయన వేళాకోళం మానేశాడు. చిన్నత్త గుంతలోకి ఇంకా వంగి, ఉన్న కాస్త నిప్పును చేతులతో మట్టి అడ్డంపెట్టి ఒకచోటికి చేర్చుకుంటోంది. గాలి కట్టమీది గోనెపట్టను ఎగరగొట్టేసింది. అప్పుడామె పక్కకు ఒరిగి ఆ కట్టమీదే పడుకుంది. తన వీపునే గాలికి అడ్డం పెట్టింది. అలా పడుకునే ఒక చేత్తో చువ్వలు తిప్పుతోంది.

అంతలో గాలి ఒక్కసారి సుడి తిరిగింది. గుంతలోంచి పత్తికట్టె ముక్క ఒకటి ఎర్రగా వెలుగుతూ పైకి లేచి, తూర్పుకు, వామి దిక్కు తిరిగింది. పక్కచేను తాత కడవ ఎత్తాడు. చిన్నత్త మోకాళ్లమీద లేచి, చెయ్యి చాచి, దాన్ని గాలిలోనే అరచేత పట్టి పిడికిలి మూసింది. అరవలేదు. మూసిన పిడికిలి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో మళ్లీ చువ్వ తిప్పింది.

అవ్వ లేచింది. బండి దగ్గరికి పోయి పొట్టుగోనె లాగి పారేసి, ఒక తుమ్మమొద్దు భుజాన వేసుకుని గాలికి ఎదురుగా నడిచి వచ్చింది. అది దింపి ఇంకొకదానికి పోయింది.

"ఎవురూ చెయ్యేయగూడదని నువ్వే అంటివి గదమా" అన్నాడు మా నాయన.

"నోరుమూసుకొని ఉండు" అంది అవ్వ.

మొద్దులు గుంతలో పేర్చి, పడమటి పక్కన బిడ్డను ఆనుకుని కూర్చుని, చీరకొంగు పరిచి గాలికి వీపు పెట్టింది. చిన్నత్త పిడికిలిని అవ్వే విప్పి చూసింది. తడి గుడ్డ చుట్టింది.

"తిక్కదానా, చేత్తో పట్టుకోమని ఎవురు చెప్పినారే నీకు?"

"లేయగూడదు అంటివి గదా."

తుమ్మ నిదానంగా రాజుకుంది. గాలి పైన ఎంత గోలచేసినా గుంతలో నిప్పు కదల్లేదు. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని ముక్కలు తిప్పుతూ కూర్చున్నారు. కొవ్వు కరిగి నిప్పులమీద పడి సుయ్యిమన్నప్పటి వాసన నాకు ఇప్పటికీ తెలుసు. జొన్నరొట్టెల్లో చుట్టుకుని అందరం తిన్నాం. పళ్లకింద దుమ్ము కరకరలాడినా ఎవరూ లెక్కచేయలేదు. అందరికంటే ఎక్కువ తిన్నది పక్కచేను తాతే. తన వామి బతికిన సంతోషమని ఆయనే చెప్పుకున్నాడు.

చిన్నత్త చివరగా ఒక ముక్క నోట్లో పెట్టుకుంటూ అంది, "పత్తికట్టె దించినప్పుడే నాకు అర్థమైందిలేమా. దాచింది నువ్వే, తెచ్చింది నువ్వే. ఇంగ నేను గెలిచినట్టా, ఓడినట్టా? నువ్వే చెప్పు."

అవ్వ చేతిలో రొట్టె చేతిలోనే ఉంది. "గెలిచినావు" అంది. నిప్పు ఆరి నీళ్లు పోసేదాకా ఇద్దరూ లేవలేదు.

లారీ మరునాడు పొద్దునే వచ్చింది.

మా వైపు ఆడపిల్ల పుట్టింటినుంచి బయలుదేరితే తల్లి ఒడి నింపి పంపుతుంది. కొంగు చాపితే అందులో బియ్యం, కొబ్బరిచిప్ప, పసుపుకొమ్ము, తమలపాకులు పోస్తుంది. ఒడిబియ్యం మోసుకుపోయిన బిడ్డ మళ్లీ ఆ గడప తొక్కుతుందని నమ్మకం. కెంచనగుడ్డకు పోయిన ప్రతిసారీ చిన్నత్తకు అట్లాగే పోసి పంపింది అవ్వ. ఆ పొద్దున కూడా చేటలో బియ్యం పోసుకుని వాకిట్లోకి వచ్చింది. చిన్నత్త గుడ్డ చుట్టిన చేత్తోనే కొంగు విప్పి చాపింది.

అప్పుడు మా అమ్మ అంది, "ఒడి నింపేది మొగుని ఇంటికి పోయేవాళ్లకు గదత్తా. రాళ్లు కొట్టను కూలికి పోయేదానికి ఒడిబియ్యమేంది? లారీలో అందురూ చూస్తాండారు. ఊరు నవ్వుతాది."

మా అమ్మ చెడ్డమనిషి కాదు. ఆడపడుచుకు తోవలో తినమని రొట్టెలు కట్టిందీ ఆమే. ఆచారం అట్లా ఉందని అంది, అంతే. అవ్వ చేట పట్టుకుని మా నాయన మొహంలోకి చూసింది, ఆయన ఒక మాట అంటాడేమోనని. ఆయన నేలవైపు చూశాడు. లారీవాడు హారన్ కొట్టాడు. ముందురోజు అంత గాలికి ఎదురునడిచి మొద్దులు మోసిన అవ్వ, వాకిట్లో ఆ నాలుగడుగులు వేయలేకపోయింది. చిన్నత్త చాచిన కొంగును కాసేపు అట్లాగే పట్టుకుంది. తర్వాత దాన్ని దులిపినట్టుగా ఒకసారి విదిలించి నడుముకు దోపుకుంది. నా తలమీద చెయ్యి పెట్టి, లారీ ఎక్కింది. ఎర్రదుమ్ములో లారీ కొంతదూరమే కనబడింది.

మొదట్లో బాగున్నానని ఆ లారీలవాళ్లతో కబురు చేసేది. ఒక ఉగాదికి వస్తానని చెప్పి పంపింది, రాలేదు. అవ్వ పక్కచేను తాతను తోడిచ్చి మా నాయనను కొండకు పంపింది. ఆ గుంపు అక్కడ పని అయిపోయి ఇంకో కొండకు పోయిందని, అక్కడినుంచి ఎటు పోయిందో తెలియదని తిరిగొచ్చారు. ఆ తర్వాత ఇంకా రెండుమూడు చోట్ల వెతికారు. గనుల్లో మనుషులను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆమె బతికుందో, ఎక్కడైనా హాయిగా వండుకు తింటోందో, ఏ మట్టిపెళ్ల కింద పోయిందో మాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఊళ్లోవాళ్లంతా అవ్వనే అనేవాళ్లు, కట్టెలు మోసి మరీ బిడ్డను పోగొట్టుకుందని. నా పెళ్లి కుదిరిన రోజుల్లో ఒకసారి అవ్వ నాతో అంది, "కట్టెలు తెచ్చిచ్చినందుకు నాకేం బాధ లేదు పాపా. అది పోవల్లనుకునింది, పోయింది. చేట పట్టుకొని అట్లనే నిలబడిపోయినా చూడు, అది నన్ను తింటాది." మా అమ్మ కూడా ముసలితనంలో, కళ్లు సరిగ్గా కనబడని రోజుల్లో, నా చెయ్యి పట్టుకుని అడిగింది, "ఆ పొద్దు నేను ఆ మాట అనకుంటే వచ్చుండేదేమో కదా?" ఏమో అమ్మా అన్నాను. రాకపోవడానికి వేరే కారణాలు వంద ఉండొచ్చు. కానీ పుట్టింటి బియ్యం కొంగున లేని ఆడది ఏ మొహంతో తిరిగివస్తుందని ఆమె అనుకుని ఉంటే, అది మేము ఇచ్చిన ఆలోచనే.

ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఒకటే. మా గడపలోంచి ఎవరు బతకడానికి బయలుదేరినా నేను బియ్యం పోస్తాను. పెళ్లై పోయే పిల్లకే అని చూడను. మా ఇంట్లో అంట్లు తోమిన అమ్మాయి హొసపేటకు పని వెతుక్కుంటూ పోతే పోశాను. అల్లుడికి దూరం బదిలీ అయితే అతని తువ్వాలలో పోశాను, సిగ్గుపడుతూనే పట్టాడు. మనవరాలు ఉద్యోగానికని బెంగళూరు పోతూ ప్యాంటు వేసుకుని నిలబడి, "కొంగు లేదు కదవ్వా, యాడ పోస్తావు?" అని నవ్వింది. దోసిలి పట్టమన్నాను. పోసేటప్పుడు నేను ఎవరి మొహంలోకీ చూడను, ఎవరి మాట కోసమూ ఆగను. గింజలు జారుతున్నంతసేపూ మాత్రం, ఇవి అన్నిటికంటే ముందు పడవలసిన ఒడి ఒకటి ఉండిందే అనుకుంటాను.